సూపర్‌హీరోకి 1 పడితే ఏం చేయాలి?

కిందటి నెల మా రోల్‌ప్లేయింగ్ ఆట టేబుల్ దగ్గర జరిగిన సంగతి. ఇందులో తలా ఒక పాత్రని ఆడతాం, ఆ పాత్ర చేసే పని ఫలించిందో లేదో డైస్ చెబుతుంది. కొండని పిండి చేయగల హీరో లారీని ఎత్తి విలన్ మీదకి విసిరాడు. ఇరవై ముఖాల డైస్ దొర్లి దొర్లి 1 దగ్గర ఆగింది. కథ నడిపే గేమ్ మాస్టర్‌ని నేనే. నోటికొచ్చినట్టు "కాలు జారింది, లారీ నీ నెత్తినే పడింది" అనేశాను. అందరూ నవ్వారు, ఆ హీరోని ఆడుతున్న కుర్రాడు తప్ప. ఆ తర్వాత గంటసేపు వాడు ఫోన్‌లోంచి తల ఎత్తలేదు.

మేం ఆడేది మ్యుటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్ అనే సూపర్‌హీరోల ఆట, మూడో ఎడిషన్. కింద రాసిన వాటిలో ఎక్కువ దానికే వర్తిస్తాయి.

లక్షణం: 1 పడగానే హీరో జోకర్ అయిపోతున్నాడు

కారణం: కత్తులు, డ్రాగన్ల ఆటల నుంచి మనం అలవాటుగా మోసుకొచ్చిన సొంత రూల్. ఈ ఆట పుస్తకంలో ఉన్నది ఒక్కటే: దాడికి 1 పడితే, బోనస్ కలిపాక మొత్తం ఎంతైనా సరే, దెబ్బ తగలదు. కాలు జారడం, తన గుద్దు తనకే తగలడం అందులో లేవు. మొదటి లెవెల్ సైనికుడి చేతిలోంచి కత్తి జారితే నమ్ముతాం. పదేళ్లుగా నగరాన్ని కాపాడుతున్నవాడు తన కేప్ తానే తొక్కుకుని పడ్డాడంటే ఎవరు నమ్ముతారు?

పరిష్కారం: తప్పుని హీరో చేతిలోంచి తీసి పరిస్థితిలో పెట్టండి. లారీ గురిగానే వెళ్లింది. చివరి క్షణంలో విలన్ పక్కకి తప్పుకున్నాడు, అది పోయి ఫ్లైఓవర్ స్తంభానికి తగిలింది. స్తంభం బీటలు వారుతోంది, పైన బస్సు నిండా జనం. ఇప్పుడు విలన్‌ని పట్టుకోవాలా, వంతెనని మోయాలా? పాచిక పారలేదు గానీ హీరో హీరోలాగే ఉన్నాడు, పైగా చేయడానికి ఇంకో పని దొరికింది. నన్నడిగితే "ఎందుకు తగల్లేదో నువ్వే చెప్పు" అని ఆటగాడికే వదిలేయడం ఇంకా మంచిది. తన హీరో పరువు తీసే కారణం ఎవరూ చెప్పుకోరు.

అలా అదనంగా కష్టం తెచ్చిపెట్టినప్పుడు ఊరికే వదలకండి. దాన్ని కాంప్లికేషన్‌గా, అంటే హీరోకి ఎదురైన చిక్కుగా, లెక్కగట్టి ఒక హీరో పాయింట్ ఇవ్వండి. ఆ పాయింట్‌తో తర్వాత ఏదైనా రోల్‌ని, అంటే వేసిన డైస్‌ని, మళ్లీ వేసుకోవచ్చు. రెండోసారి 10 లేదా అంతకన్నా తక్కువ పడితే దానికి 10 కలుపుతారు కాబట్టి 11కి తగ్గే ప్రశ్నే లేదు. పాయింట్ చేతిలో ఉంటే 1 పడినా ముఖం మాడదు.

లక్షణం: బాగా పోరాడే హీరోకే ఎక్కువ అవమానాలు

కారణం లెక్కలో ఉంది. ఒక్కసారి డైస్ వేస్తే 1 పడే అవకాశం 5 శాతం. టేక్‌డౌన్ అనే ప్రత్యేక నైపుణ్యంతో చిల్లర గూండాలను వరసగా పడగొట్టుకుంటూ పోయేవాడు ఒకే వంతులో మూడుసార్లు వేస్తే అది 14 శాతం దాటుతుంది. ఎంత బాగా కొడితే అంత ఎక్కువగా తడబడతాడన్నమాట. ఇదెక్కడి న్యాయం? 1కి ప్రత్యేక ఫలితం కావాల్సిందేనని మీ టేబుల్ పట్టుబడితే, దాన్ని వంతులో మొదటి రోల్‌కే పరిమితం చేయండి. మిగతా 1లు మామూలు మిస్సులే.

లక్షణం: ఇంకో ఆటలో బాగా నడిచిన రూల్ ఇక్కడ కథని నాశనం చేస్తోంది

ఏ డైస్‌తో ఆడుతున్నారో చూడండి. 1981లో వచ్చిన ఛాంపియన్స్ అనే ఇంకో సూపర్‌హీరోల ఆటలో ఆరు ముఖాల డైస్ మూడు వేస్తారు. అక్కడ మూడింటికీ 6 పడి మొత్తం 18 అయితే ఫెయిల్. అది 216లో ఒక్కసారి, అర శాతం కూడా లేదు. అంత అరుదు కాబట్టి కాస్త గట్టిగా దెబ్బ కొట్టినా ఎవరూ ఏమీ అనుకోరు. అదే రూల్‌ని ఇరవై ముఖాల డైస్‌కి తగిలిస్తే అదే ఉపద్రవం పదింతలు వస్తుంది.

టీనేజ్ హీరోల ఆట మాస్క్స్ సంగతి మరీ వేరు. ఆరు ముఖాల డైస్ రెండు కలిపి 6 లేదా తక్కువ పడితే మిస్. ఏ బోనసూ లేకపోతే అది దాదాపు 42 శాతం! ప్రతి మిస్‌నీ మహా విపత్తు చేస్తే రెండో వారానికి నగరమే మిగలదు. ఆ ఆటే దీనికి మందు కూడా పెట్టుకుంది. మిస్ అయిన ప్రతిసారీ ఆటగాడు పొటెన్షియల్ అని ఒక గుర్తు పెట్టుకుంటాడు, ఐదు గుర్తులకి పాత్ర ఒక మెట్టు ఎదుగుతుంది. అందుకే అక్కడ ఓడినవాడు మూతి ముడుచుకోడు.

లక్షణం: ఒక్క రోల్ పోయింది, కథ అక్కడే ఆగింది

తాళం తెరుచుకోలేదు, క్లూ దొరకలేదు, అందరూ మీ ముఖం చూస్తున్నారు. అసలు ఆ రోల్ ఎందుకు అడిగారు? ఒత్తిడి లేని చోట మేం ఆడే ఆటలోని రొటీన్ చెక్ వాడండి. డైస్ వేయకుండానే 10 పడినట్టు లెక్క, దానికి స్కిల్ బోనస్ కలుపుకుంటే సరి. తలుపు తెరుచుకోకపోతే కథలో కొత్తగా ఏం జరుగుతుందో మీకే తెలియనప్పుడు డైస్ జోలికి పోవద్దు.

లక్షణం: "నా డైస్‌కి అదే పనిగా 1 పడుతోంది!"

చాలాసార్లు ఇది ఆడలేక మద్దెల ఓడన్న బాపతే. అయినా అనుమానం తీరాలంటే గ్లాసు నీళ్లలో డైస్ తేలేంత ఉప్పు కలిపి, దాన్ని మళ్లీ మళ్లీ తిప్పి చూడండి. ప్రతిసారీ అదే ముఖం పైకి తేలుతుంటే ఆ డైస్ పిల్లలకి ఇచ్చేయండి.