ఒక చెవి తెరిచి పాడితే ట్రాక్ మైకులోకి దూరకుండా

హనుమకొండలో మా ఇంట్లో బతుకమ్మ పాటలు రికార్డు చేసినప్పుడల్లా ఇదే తంటా. హెడ్‌ఫోన్ రెండు చెవులకూ పెట్టుకుంటే మా అక్కకు శ్రుతి జారుతుంది. ఒక చెవి తీస్తే ఆ కప్పులోంచి ట్రాక్ (పాడేటప్పుడు తోడుగా హెడ్‌ఫోన్‌లో వినే సంగీతం) చప్పుడు మైకులోకి దూరుతుంది. తర్వాత వింటే ఆమె ఊపిరి తీసుకునే చోటల్లా వెనక చప్పట్లు టిక్కు టిక్కుమనేవి.

ఇప్పుడు ఇలా చేస్తున్నాం. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో మాస్టర్ పాన్ (మొత్తం శబ్దాన్ని ఎడమకో కుడికో జరిపే మీట) పూర్తిగా ఎడమకు తిప్పేస్తాం. ట్రాక్ ఎడమ చెవిలోనే వస్తుంది. కుడి కప్పును అక్క చెవి వెనక ఎముకకు ఆనించి పెట్టుకుంటుంది, గాల్లో వదిలేయదు. ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె) మీద డైరెక్ట్ మానిటర్ నొక్కితే పాడేవాళ్ల గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లి రాకుండా నేరుగా హెడ్‌ఫోన్‌లో వినిపిస్తుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్‌లో మానిటరింగ్ (గొంతును తిరిగి వినిపించడం) ఆపేయాలి. రెండూ ఆన్‌లో ఉంటే గొంతు రెండుసార్లు వినిపించి పాడేవాళ్లకు చిరాకు పుడుతుంది. డైరెక్ట్ బటన్ లేకపోతే సాఫ్ట్‌వేర్ మానిటరింగే ఆన్‌లో ఉంచి, గొంతు ఆలస్యంగా వినిపించకుండా బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి పోగుచేసే శబ్దం సైజు) 128 శాంపిళ్లకు తగ్గించండి, కంప్యూటర్ తట్టుకుంటే 64. ట్రాక్ సౌండ్ మాత్రం తక్కువే ఉంచండి. అది ఎక్కువైతే మనకు తెలియకుండానే అరిచి పాడతాం, రెండో చరణానికే గొంతు పట్టేస్తుంది.

బ్లూటూత్ హెడ్‌ఫోన్‌తో ఇది పనిచేయదు, శబ్దం ఆలస్యంగా వచ్చి తాళం తప్పుతుంది. వైరుది, అదీ చెవిని పూర్తిగా మూసేదే కావాలి. పాట బయటికి తీసే ముందు పాన్ మళ్లీ మధ్యకు తేవడం మరవకండి, లేకపోతే పాటంతా ఒక్క ఎడమ స్పీకర్‌లోనే వస్తుంది.