మేనేజరు పని నేర్చుకోవాలంటే ముందు ఒక అన్నదానం చేయించి చూడండి

టీమ్ లీడ్ అయిన కొత్తలో నన్ను రెండు రోజుల ట్రైనింగుకి పంపారు. ఏసీ హాలు, స్లైడ్లు, మధ్యాహ్నం బిర్యానీ, అంతా బాగానే ఉంది. కానీ సోమవారం మడికొండలో ఆఫీసుకెళ్లి ఎనిమిది మంది ముందు కూర్చున్నాక నాకు అక్కరకొచ్చింది ఆ స్లైడ్లు కాదు, హన్మకొండలో మా గల్లీ వినాయకుడి మండపం దగ్గర పడ్డ తిప్పలు. అందుకే ఎవరైనా తమ్ముళ్లు "అన్నా, లీడర్‌షిప్ స్కిల్స్ ఎట్ల పెంచుకోవాలె, ఏదన్న కోర్సు చెప్పు" అంటే, ముందు ఒక పని నెత్తినేసుకోరా, కోర్సు సంగతి తర్వాత చూద్దాం అంటాను.

ఏ పని పడితే ఆ పని కాదు. మీ ఒక్కరి వల్ల అయ్యేది కాకూడదు, తేడా వస్తే నలుగురికీ తెలిసిపోయేదై ఉండాలి, అన్నిటికంటే ముఖ్యంగా అందులో పనిచేసేవాళ్లకు మీరు జీతం ఇవ్వకూడదు. జీతం చేతిలో ఉంటే ఎవరైనా మాట వింటారు. చందా ఇచ్చి మరీ వచ్చినవాడితో పని చేయించడంలోనే అసలు విద్య ఉంది. కాలనీ బతుకమ్మ, క్రికెట్ టోర్నమెంట్, కాలేజీ ఫెస్ట్, ఏదైనా పర్లేదు. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకు చుట్టాలందరినీ ఒక బండిలో తీసుకెళ్లి, అమ్మవార్లకు మొక్కిన ఎత్తు బంగారం, అంటే మనిషి బరువంత బెల్లం, తూకం దగ్గర్నుంచి చూసుకుని, ఆ జనంలోంచి మళ్లీ అందరినీ లెక్కపెట్టుకుని ఇంటికి చేర్చడం చిన్న ప్రాజెక్టేం కాదు. మహిళా సంఘాల్లో పొదుపు లెక్కలు రాసే అక్కల మీటింగు ఒకసారి చూడండి, మా ఆఫీసులో చాలామందికంటే బాగా నడుపుతారు.

పని దొరికాక అధ్యక్ష పదవి మాత్రం అడక్కండి. ఫ్లెక్సీ మీద ఫొటో పడుతుంది తప్ప ఏమీ రాదు. చిన్నదైనా ఒక ముక్కను మొదటి నుంచి చివరి దాకా మీదే అన్నట్టు తీసుకోండి: కరెంటు, నిమజ్జనం బండి, అన్నదానం. నేను అన్నదానం తీసుకున్నాను.

మూడు వందల మందికని 30 కిలోల బియ్యం తెచ్చాం. ముందు రోజు రాత్రి వాట్సాప్ గ్రూపులో "రెండో సిలిండర్ ఎవరైనా ఒకరు తెండి" అని పెట్టాను. తొమ్మిది బొటనవేళ్లు వచ్చాయి, సిలిండర్ మాత్రం రాలేదు. అన్నం దిగింది, సాంబారు గంజు పొయ్యి మీదికెక్కింది, పావుగంటకే పొయ్యి ఆరిపోయింది. అవతల మొదటి బంతి విస్తళ్ల ముందు కూర్చుని ఉంది. వంటాయన గరిటె పట్టుకుని నా వైపు చూస్తున్నాడు, నేను గ్రూపు వైపు చూస్తున్నాను.

ఆ రాత్రి నాకు తట్టిన మొదటి పాఠం ఏంటంటే, మన పిల్లలకు బాధ్యత లేదు అని. ఇది తప్పుడు పాఠం. అనుభవం దానంతటదే నేర్పదు, ఒక్కోసారి తప్పు కూడా నేర్పుతుంది, అందుకే కూర్చుని చూసుకోవాలి. డేవిడ్ కోల్బ్ అనే అమెరికా ప్రొఫెసర్ 1984లో దీన్ని ఒక చక్రంలా పెట్టాడు: పని చెయ్యడం, జరిగింది వెనక్కి తిరిగి చూసుకోవడం, అందులోంచి ఒక సూత్రం లాగడం, ఆ సూత్రాన్ని మళ్లీ పనిలో పెట్టి చూడటం. మనం మొదటిది చేసి ఇంటికెళ్లి పడుకుంటాం.

కూర్చునే పద్ధతి కూడా చెప్తాను. వీలైతే ఆ రాత్రే, చాయ్ తెప్పించి, ఇరవై నిమిషాలు. ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, ఎందుకు అట్లా అయింది, వచ్చేసారి ఏం మారుస్తాం. అమెరికా సైన్యంలో శిక్షణ అయ్యాక దాదాపు ఇవే ప్రశ్నలతో కూర్చుంటారు, ఆఫ్టర్ యాక్షన్ రివ్యూ అంటారు. "ఎవడు చేసిండు" అనే ప్రశ్న వచ్చిందా, ఇక అందరూ ఫోన్లు తీస్తారు. ఇంకోటి, అందరికంటే పెద్దవాడు ఆఖర్లో మాట్లాడాలి. అన్న ముందే తేల్చేస్తే మిగతావాళ్లు తలూపడం తప్ప ఇంకేం చేస్తారు? మేం అట్లా కూర్చుంటేనే తేలింది, తొమ్మిది మందీ ఇంకొకరు తెస్తారనుకున్నారు. తప్పు నా "ఎవరైనా"లో ఉంది.

మరుసటి ఏడాది ప్రతి పనికీ ఒక పేరు, ఒక టైము రాసి, "నువ్వేం చేస్తవో మళ్లీ ఒక్కసారి చెప్పు" అని వాళ్ల నోటితోనే చెప్పించాను. సిలిండర్లు రెండూ నిండువి, టైముకే వచ్చాయి. కానీ ఉత్సాహంలో ఒక పిల్లాడికి మధ్యాహ్నంలోపు ఆరుసార్లు ఫోన్ చేశాను. వాడు బండి తాళాలు బల్ల మీద పెట్టి "నమ్మకం లేకుంటే నువ్వే చేసుకో అన్నా" అని వెళ్లిపోయాడు. ఒక తప్పు దిద్దబోతే ఇంకోటి బయటపడింది. ఆ రాత్రి మళ్లీ కూర్చున్నాం. మూడో ఏడాది నుంచి పొద్దున 11కి ఒక్క ఫోన్, మధ్యలో ఏదైనా ఆగిపోతే వాళ్లే నాకు ఫోన్ చెయ్యాలి, అంతే.

ఇది ఆఫీసుకి ఎలా వస్తుందంటారా? వారం వారం నేను పంపే మెయిల్స్ ఒకసారి తిరగేస్తే సగంలో "ఎవరైనా చూడండి" అనే ఉంది! పేర్లు రాయడం మొదలుపెట్టాక పనులు కదిలాయి. అన్నీ మాత్రం రావు. గల్లీలో అరిచి, సాయంత్రం భుజం మీద చెయ్యేస్తే సరిపోతుంది, ఆఫీసులో అరిచింది అరిచినట్టే ఉండిపోతుంది. అందుకే చిన్న నోటుబుక్కు పెట్టుకుని, లాగిన సూత్రం పక్కన అది ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ తన్నింది అని రెండు ముక్కలు రాసుకోండి.

రెండు మూడేళ్లయ్యాక ఆ పని ఇంకొకరికి అప్పగించండి. మేనేజరు పనిలో నాకు అన్నిటికంటే కష్టమైంది ఇదే. నేను ఆ తాళాలు పెట్టి వెళ్లిన పిల్లాడికే ఇచ్చాను. పోయినసారి సాంబారులో ఉప్పు ఎక్కువైందని నాకు ముందే తెలిసింది, అయినా వంటాయన దగ్గరికి పోకుండా జేబులో చేతులు పెట్టుకుని చెప్పుల స్టాండు దగ్గర నిలబడ్డాను. వాడే రుచి చూసి, నీళ్లు, చింతపండు పులుసు పోయించి సర్దుకున్నాడు. రాత్రి అందరం కూర్చున్నాక నేను నోరు తెరవబోతుంటే, వాడు నోటుబుక్కు మోకాలి మీద పెట్టుకుని, "అన్నా, నువ్వు ఆఖరికి మాట్లాడు" అన్నాడు.