ఫోల్డర్ తెరవగానే మనకు కావలసినట్టే కనపడాలంటే

మా వీధిలో కంప్యూటర్ గురించి నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. "డీటెయిల్స్ వ్యూ పెట్టానండీ, పక్క ఫోల్డర్‌లోకి వెళ్తే మళ్లీ పెద్ద పెద్ద బొమ్మలు వచ్చేస్తున్నాయి. విండోస్‌కి గుర్తుండదా?" మా వీధి అంటే తాడేపల్లిగూడెంలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట దస్తావేజు లేఖర్ల కొట్లు, జిరాక్సు కొట్లు ఉండే వరస. నేనూ దస్తావేజులే రాస్తాను.

గుర్తుంటుంది. కాకపోతే ఫోల్డర్ రకాన్ని బట్టి గుర్తుపెట్టుకుంటుంది. ఆ సంగతి తెలిస్తే సగం చిక్కు విడిపోయినట్టే.

విండోస్ మనకు చూపించే లెక్కలో ఫోల్డర్లు ఐదు రకాలు: జనరల్ ఐటమ్స్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, మ్యూజిక్, వీడియోస్. లోపల ఏ ఫైళ్లు ఎక్కువగా ఉన్నాయో చూసి ఏ రకమో తనే తేల్చేస్తుంది. మా దగ్గర ఒక్కో పార్టీకి ఒక్కో ఫోల్డర్. పాస్ పుస్తకం, ఆధార్లు, లింకు డాక్యుమెంట్లు, సాక్షుల ఫొటోలు, అన్నీ స్కాన్ చేసిన జేపెగ్‌లే. డ్రాఫ్టు మాత్రం ఒక్క వర్డ్ ఫైలు. అది చూసి విండోస్ ఇదేదో పెళ్లి ఆల్బమ్ అనుకుని పిక్చర్స్ రకంలో పడేస్తుంది. పక్క పార్టీ ఫోల్డర్‌లో వర్డ్ ఫైళ్లు ఎక్కువుంటే అది ఇంకో రకం. ఒకచోట మనం మార్చిన వ్యూ ఇంకోచోట కనపడకపోవడానికి కారణం ఇదే.

అందుకని ముందు రకం సరిచేయాలి, తర్వాత వ్యూ, ఆ తర్వాతే అన్నిటికీ వర్తింపజేయడం. ఈ వరస తప్పితే ఎన్నిసార్లు చేసినా మళ్లీ మొదటికే వస్తుంది.

రకం మార్చడం తేలిక. పార్టీల ఫోల్డర్లన్నీ ఉన్న పెద్ద ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో కస్టమైజ్ ట్యాబ్‌కి వెళ్లండి. 'ఆప్టిమైజ్ దిస్ ఫోల్డర్ ఫర్' అన్నచోట జనరల్ ఐటమ్స్ ఎంచుకోండి. దాని కిందే 'ఆల్సో అప్లై దిస్ టెంప్లేట్ టు ఆల్ సబ్‌ఫోల్డర్స్' అని చిన్న గడి ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండానే ఓకే కొట్టేస్తారు. అక్కడ టిక్ పెట్టకపోతే పైన ఉన్న పెద్ద ఫోల్డర్ ఒక్కటే మారుతుంది, లోపలివి ఎక్కడివక్కడే ఉంటాయి.

ఇప్పుడు వ్యూ. లోపల ఏదో ఒక పార్టీ ఫోల్డర్ తెరిచి కంట్రోల్, షిఫ్ట్, 6 కలిపి నొక్కండి. డీటెయిల్స్ వ్యూ వస్తుంది. 1 అయితే అన్నిటికన్నా పెద్ద బొమ్మలు, 5 అయితే ఉత్త జాబితా. కంట్రోల్ పట్టుకుని మౌస్ చక్రం తిప్పినా ఈ వ్యూలన్నీ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి.

మా పనికి డీటెయిల్స్ వ్యూనే ఎందుకంటానో చెప్తాను. మా కొట్లో టేబుల్ చుట్టూ ఎప్పుడూ నలుగురు నిలబడి ఉంటారు, అందరి కళ్లూ స్క్రీన్ మీదే. పెద్ద బొమ్మల వ్యూలో ఫోల్డర్ తెరిస్తే ఒకరి ఆధార్ కార్డు, పాస్ పుస్తకం మొదటి పేజీ ఇంకొకరికి బారెడు దూరం నుంచే కనపడతాయి. డీటెయిల్స్‌లో పేర్లు, తేదీలే ఉంటాయి. ఫొటో స్టూడియో వాళ్లకు నా సలహా పనికిరాదు, వాళ్లకు బొమ్మలే కావాలి. వాళ్లు పిక్చర్స్ రకం ఎంచుకుని, పెద్ద బొమ్మల వ్యూ పెట్టుకుని, మిగతా పనంతా ఇలాగే చేసుకోవచ్చు.

డీటెయిల్స్ పెట్టాక నిలువు వరసల సంగతి చూడాలి. మామూలుగా పేరు, డేట్ మాడిఫైడ్, టైప్, సైజ్ వస్తాయి. పై పట్టీలో ఎక్కడైనా రైట్ క్లిక్ చేస్తే మిగతా వరసల జాబితా కనపడుతుంది. అందులో డేట్ క్రియేటెడ్‌కి టిక్ పెట్టుకోండి. పార్టీ ఎవరో పెన్‌డ్రైవ్‌లో పాత దస్తావేజు స్కాన్ తెచ్చారనుకోండి. కాపీ చేశాక కూడా డేట్ మాడిఫైడ్‌లో ఎప్పటిదో తేదీయే ఉంటుంది. దాని ప్రకారం వరస పెడితే ఆ ఫైలు ఎక్కడో అడుగున పడిపోతుంది. డేట్ క్రియేటెడ్‌లో మాత్రం మన కంప్యూటర్‌లోకి ఎప్పుడు వచ్చిందో ఆ టైమే ఉంటుంది. కొత్త తేదీలు పైకి వచ్చేదాకా ఆ పేరు మీద క్లిక్ చేయండి, ఈరోజు వచ్చినవన్నీ పైనే ఉంటాయి.

పేర్ల ప్రకారం వరస కావాలనుకునే వాళ్లు ఫైళ్లకు ముందు అంకె వేసుకుంటే చాలు. 2 తర్వాత 10 వస్తుంది కానీ 1 తర్వాత 10 రాదు, అంకెల విలువ విండోస్‌కి తెలుసు. ముందు సున్నాలు పెట్టనక్కర్లేదు. వరసలు ఇరుకై పేర్లు సగంలో తెగిపోతుంటే కంట్రోల్ పట్టుకుని కీబోర్డు కుడివైపు అంకెల దగ్గరున్న ప్లస్ నొక్కండి. అన్నీ సరిపడా వెడల్పవుతాయి.

ఫైళ్లు 'ఈరోజు, నిన్న, పోయినవారం' అని ముక్కలుగా కనపడుతుంటే ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి గ్రూప్ బై లో నన్ పెట్టండి.

అంతా నచ్చినట్టు కుదిరాక ఆ ఫోల్డర్‌లోనే ఉండి ఫోల్డర్ ఆప్షన్స్ తెరవాలి. విండోస్ 11లో పైన మూడు చుక్కల మీద నొక్కితే ఆప్షన్స్ అని ఉంటుంది, విండోస్ 10లో అయితే వ్యూ ట్యాబ్‌లో కుడివైపు చివర. తెరుచుకున్న పెట్టెలో వ్యూ ట్యాబ్‌కి వెళ్లి 'అప్లై టు ఫోల్డర్స్' నొక్కి యెస్ అనండి. ఇదే రకం ఫోల్డర్లన్నిటికీ ఈ వ్యూ, ఈ వరసలు వర్తిస్తాయి. పక్కనే 'రీసెట్ ఫోల్డర్స్' అని ఇంకో బటన్ ఉంది. ఆ రకానికి విండోస్ మొదట ఇచ్చిన వ్యూకి తిరిగి పోవాలంటే అది.

అదే ట్యాబ్‌లో ఉన్నారు కాబట్టి ఇంకో పని కూడా కానిచ్చేయండి. 'హైడ్ ఎక్స్‌టెన్షన్స్ ఫర్ నోన్ ఫైల్ టైప్స్' దగ్గర టిక్ తీసేయండి. అప్పుడు ఫైలు పేరు చివర పీడీఎఫ్ అనో డాక్స్ అనో కనపడుతుంది. ఒకే పేరుతో ఉన్న డ్రాఫ్టు ఏది, ప్రింటుకి పోయే పీడీఎఫ్ ఏది అన్న గందరగోళం ఉండదు. పైగా పీడీఎఫ్‌లా పేరు పెట్టుకుని అసలు చివర ఈఎక్స్ఈ (అంటే నొక్కగానే నడిచే ప్రోగ్రామ్) తగిలించుకుని వచ్చే వైరస్ ఫైళ్లు ఇందులో దొరికిపోతాయి. కంప్యూటర్ పాతదై బొమ్మలున్న ఫోల్డర్ తెరవడానికి ఈసురోమంటుంటే 'ఆల్వేస్ షో ఐకాన్స్, నెవర్ థంబ్‌నెయిల్స్' అన్నదానికి టిక్ పెట్టండి.

డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మాత్రం వేరే కాపురం. దానికి విడిగా తన రకం ఉంది, పైన చేసినవి దానికి అంటవు. విండోస్ 10 లో 2019లో వచ్చిన 1903 వెర్షన్ నుంచి అది తేదీల ముక్కలుగానే కనపడుతోంది. దాంట్లోకే వెళ్లి గ్రూప్ బై నన్ పెట్టి, కావలసిన వ్యూ ఎంచుకోండి.

కొట్లో నలుగురి ముందు పెట్టుకునే కంప్యూటర్ అయితే ఫోల్డర్ ఆప్షన్స్‌లో జనరల్ ట్యాబ్ కూడా చూడాలి. ఎక్స్‌ప్లోరర్ (ఫోల్డర్లు చూపించే కిటికీ) తెరవగానే వచ్చే హోమ్ పేజీలో, విండోస్ 10లో అయితే క్విక్ యాక్సెస్‌లో, ఇటీవల తెరిచిన ఫైళ్ల పేర్లన్నీ బారులు తీరి ఉంటాయి. ఎవరి భూమి ఎవరికి అమ్ముతున్నారో పక్కనున్న వాళ్లకు చదివి వినిపించినట్టే కదా. పైన 'ఓపెన్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ టు' అన్నచోట దిస్ పీసీ పెట్టండి. కింద ప్రైవసీ అన్నచోట ఇటీవలి ఫైళ్లకు, తరచూ వాడే ఫోల్డర్లకు ఉన్న టిక్కులు తీసేసి క్లియర్ నొక్కండి. రోజూ కావలసిన ఫోల్డర్‌ని రైట్ క్లిక్ చేసి పిన్ టు క్విక్ యాక్సెస్ అంటే ఎడమవైపు స్థిరంగా ఉంటుంది.

ఇంత చేసినా కొత్తగా పెట్టే ఫోల్డర్లు ఫొటోలు వేయగానే పిక్చర్స్ రకంలోకి జారిపోతుంటే, రకం ఊహించడమే మానేయమని విండోస్‌కి చెప్పొచ్చు. అది రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట చేసే పని. రిజిస్ట్రీ అంటే భయం ఉన్నవాళ్లు దీన్ని వదిలేయండి, లేదా తెలిసిన కుర్రాణ్ని పక్కన కూర్చోబెట్టుకోండి. విండోస్ కీ, ఆర్ నొక్కి రెజెడిట్ అని టైప్ చేయండి. హెచ్‌కీ కరెంట్ యూజర్, సాఫ్ట్‌వేర్, క్లాసెస్, లోకల్ సెట్టింగ్స్, మళ్లీ సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, షెల్, ఈ వరసలో ఒక్కొక్కటీ తెరుచుకుంటూ వెళ్లండి. షెల్ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ కొట్టి ముందు ఒక కాపీ దాచుకోండి. దానికింద బ్యాగ్స్, అందులో ఆల్‌ఫోల్డర్స్, అందులో షెల్ ఉండాలి. లేనివి న్యూ, కీ అని మీరే సృష్టించుకోవాలి. ఆ లోపలి షెల్‌లో ఫోల్డర్‌టైప్ అన్న పేరుతో ఒక స్ట్రింగ్ వేల్యూ పెట్టి, దాని విలువగా నాట్‌స్పెసిఫైడ్ అని రాయండి. రెండూ ఇంగ్లీషులో, మధ్యలో ఖాళీ లేకుండా ఒకే మాటగా ఉండాలి. కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, ఏదైనా ఫోల్డర్‌లో వ్యూ సరిచూసుకుని మరోసారి అప్లై టు ఫోల్డర్స్ నొక్కండి.

వర్డ్‌లో ఓపెన్ అన్నప్పుడో సేవ్ యాజ్ అన్నప్పుడో వచ్చే పెట్టెలో మాత్రం పాత వ్యూయే కనపడొచ్చు. దాని లెక్క దానిదే, ఎక్స్‌ప్లోరర్‌లో చేసిన మార్పులు అక్కడికి పోవు. ఆ పెట్టె తెరిచి ఉండగానే కంట్రోల్, షిఫ్ట్, 6 నొక్కండి.