తొలి వెచ్చని రోజు: చికాగో సరస్సు ఒడ్డున ట్రయాథ్లాన్ సాధన

ఏప్రిల్‌లో ఏదో ఒక శనివారం చికాగోలో ఫోన్ తెరిస్తే 72 డిగ్రీల ఫారెన్‌హీట్ అని కనిపిస్తుంది. మన లెక్కలో 22 సెల్సియస్. ఈత, సైకిల్, పరుగు మూడూ వరసగా ఉండే ట్రయాథ్లాన్ కోసం చలికాలమంతా గ్యారేజీలో ట్రైనర్ (సైకిల్‌ని కదలకుండా నిలబెట్టి తొక్కించే పరికరం) తొక్కి, జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తినవాళ్ళకి ఆ రోజు ఇంట్లో కాలు నిలవదు. వెళ్ళాల్సిందే. కాకపోతే వసంతం వచ్చింది గాలిలోకి మాత్రమే. మిషిగన్ సరస్సు ఇంకా చలికాలంలోనే ఉంది, సైకిల్ కూడా అంతే.

సైకిల్ పని ముందు రోజు రాత్రే చూసుకోండి. వెనక చక్రం తీసి బిగించే రకం ట్రైనర్ అయితే, చక్రం తిరిగి పెట్టాక గేర్లన్నీ ఒక్కొక్కటే మార్చి చూడాలి. ట్రైనర్ క్యాసెట్ (వెనక పళ్ళచక్రాల గుత్తి), చక్రం క్యాసెట్ అచ్చం ఒకే చోట కూర్చోవు. వెంట్రుకవాసి తేడాకే చైను టకటకలాడుతుంది. కేబుల్ గేర్లయితే చైనుని గేరు నుంచి గేరుకి జరిపే వెనక డెరైలర్‌లోకి కేబుల్ దూరే చోట ఉన్న చిన్న మరని పావు చుట్టు చొప్పున తిప్పుతూ పోతే సర్దుకుంటుంది. డిస్క్ బ్రేకుల సైకిల్‌కి ఇంకో తంటా ఉంది. చక్రం లేనప్పుడు ఎవరైనా, ముఖ్యంగా పిల్లలు, బ్రేకు నొక్కితే ప్యాడ్లు దగ్గరకొచ్చేసి డిస్క్ దూరదు. శుభ్రమైన ప్లాస్టిక్ టైరు లివరుతో మెల్లగా వెనక్కి నెట్టండి.

రోలరు మీద టైరు తిరిగే రకమైతే వెనక టైరు నడిమి భాగం చదునైపోయి ఉంటుంది. దాన్ని రోడ్డెక్కించకండి, మార్చేయండి. ఆ ట్రైనర్ కోసం పెట్టిన ఇనుప ఇరుసు తీసి సైకిల్‌తో వచ్చినదే బిగించండి. ఇక చెమట: నెలల తరబడి హ్యాండిల్ మీద కారిన ఉప్పు బోల్టుల్ని తినేస్తుంది. ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి. టకటక కదిలితే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు, అంటే హెడ్‌సెట్, వదులైనట్టే. బోల్టు మీద తుప్పు కనిపిస్తే కొత్తది వేశాకే బయల్దేరండి. డెబ్భై కిలోల మనిషికి 28 మి.మీ. టైరు అయితే వెనక 70 పీఎస్‌ఐ చుట్టుపక్కల, ముందు ఐదు తక్కువ గాలి పట్టించండి. మంచుకి చల్లిన ఉప్పు, గులకరాళ్ళు, కొత్త గుంతలు రోడ్డు మీద అలాగే ఉంటాయి కాబట్టి ట్యూబులు ఒకటి కాదు, రెండు పెట్టుకోండి.

ఎటు వెళ్ళాలన్నది గాలి చెబుతుంది. ఇక్కడికి వెచ్చదనాన్ని మోసుకొచ్చేది చాలాసార్లు దక్షిణపు గాలి, లేదా నైరుతి గాలి. అందుకే ఒహాయో స్ట్రీట్ బీచ్ దగ్గర మొదలుపెట్టి లేక్‌ఫ్రంట్ ట్రయల్ మీద ముందు దక్షిణానికి తొక్కండి. 71వ వీధి దాకా సుమారు 16 కిలోమీటర్లు. వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, తిరిగొచ్చేటప్పుడు వెనక నుంచి తోపు. ఉత్సాహం కొద్దీ ముందు ఉత్తరానికి వెళ్తే, అలసిపోయాక ఎదురుగాలిలో ఇల్లు చేరాలి. గాలి బలంగా లేని రోజైతే మరో మెలిక. మధ్యాహ్నానికి సరస్సు మీంచి తూర్పు గాలి మొదలై, ఒడ్డున ఉష్ణోగ్రత పది పదిహేను ఫారెన్‌హీట్ డిగ్రీలు ఒక్కసారిగా పడిపోతుంది. సరస్సుకి దూరంగా ఉన్న నేపర్‌విల్ శివారులో చూసిన ఎండని నమ్మి పొట్టి చేతుల జెర్సీతో రావద్దు. జెర్సీ చేతుల కింద విడిగా తొడుక్కునే పొడవు చేతులు, అంటే ఆర్మ్ వార్మర్లు, మడిచి జేబులో పెట్టుకునే పల్చటి గాలికోటు ఉంటే చాలు.

ఉదయం ఎనిమిదికల్లా బయల్దేరండి. పదకొండు దాటితే ఊరంతా అక్కడే ఉంటుంది: కుక్కలు, తోపుడుబండ్లలో పిల్లలు, అడ్డదిడ్డంగా స్కేటింగ్. సైకిళ్ళకి వేరే దారి ఉన్నా జనం అందులోకి వచ్చేస్తారు. ఆ రద్దీలో ఏరోబార్ల (మోచేతులు ఆనించి ముందుకి వాలే కడ్డీలు) మీద వాలకండి, బ్రేకులు చేతికందవు. ట్రైనర్ మీద మరిచిపోయిన పనుల్ని ముందు ఖాళీ పార్కింగ్‌లో పది నిమిషాలు చేయండి: ఒంటి చేత్తో సీసా తీసి తాగడం, భుజం మీదుగా వెనక్కి చూడటం, గట్టిగా బ్రేకు వేయడం.

పక్కవాళ్ళతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగం దాటొద్దు. గాలికి చెమట ఎప్పటికప్పుడు ఆరిపోతుంది కాబట్టి దాహం తెలియదు. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి గుక్కెడు తాగండి. ముప్పావు లీటరు నీళ్ళలో మూడు పెద్ద చెంచాల పంచదార, పావు చిన్న చెంచా ఉప్పు, అరచెక్క నిమ్మరసం కలిపితే గంటకి సరిపోతుంది, దాదాపు 37 గ్రాముల కార్బోహైడ్రేట్లు అందుతాయి. దారిలో కుళాయిల్ని నమ్ముకోవద్దు, చలికాలానికి కట్టేసినవి ఏప్రిల్‌లో తెరిచి ఉండకపోవచ్చు. రెండు గంటల ముందు మూడు ఇడ్లీలు మంచి ఆహారమే. నెయ్యి, కారప్పొడి దట్టిస్తే మాత్రం ఎదురుగాలిలో అవి మళ్ళీ పలకరిస్తాయి.

సైకిల్ దిగగానే పరుగు, పదిహేను నిమిషాలే. కాళ్ళు కొయ్యల్లా ఉంటాయి, అది మామూలే. అసలు మోసం వేగానిది. ఇప్పటిదాకా గంటకి 28 కిలోమీటర్లు పోయిన కళ్ళకి పరుగు నత్తనడకలా కనిపించి, మొదటి కిలోమీటరు తెలియకుండానే జోరుగా కొట్టేస్తారు. మొదటి మూడు నిమిషాలు చిన్న అంగలు, త్వరత్వరగా. ట్రెడ్‌మిల్ బెల్టుకి అలవాటుపడ్డ పిక్కలకి కాంక్రీటు కొత్త. గంటసేపు పరిగెత్తితే మూడో రోజుకి మోకాలి కింద ముందువైపు ఎముక వెంట నొప్పి మొదలవ్వొచ్చు. కాంక్రీటు పక్కన మట్టిబాట ఉన్నచోట దాని మీదే పరిగెత్తండి.

మరి ఈత? ఆ రోజు సరస్సులో వద్దు. ఏప్రిల్‌లో నీళ్ళు 40 నుంచి 45 ఫారెన్‌హీట్ మధ్య, అంటే నాలుగు నుంచి ఏడు సెల్సియస్ ఉంటాయి. అంత చల్లటి నీళ్ళలో దిగగానే మన ప్రమేయం లేకుండా పెద్ద ఊపిరి లోపలికి లాగుతాం. ఆ క్షణాన మొహం నీళ్ళలో ఉంటే నీళ్ళే లోపలికి పోతాయి. ఆ ఎగశ్వాస తగ్గడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఇంకాసేపటికి చేతులు మాట వినవు, ఎంత బాగా ఈదేవాళ్ళవైనా. చల్లటి నీళ్ళలో వేసుకునే రబ్బరు దుస్తు, వెట్‌సూట్, మొహాన్నీ అరచేతుల్నీ కప్పదు. మే చివర మెమోరియల్ డే వారాంతం దాకా బీచ్‌లలో లైఫ్‌గార్డులు కూడా ఉండరు. ఈత ఆదివారం పొద్దున పూల్‌లో కానివ్వండి.

సరస్సు కోసం మనసు లాగితే ఇంటికొచ్చి వెట్‌సూట్ బయటికి తీయండి. మెడ దగ్గర, చంకల్లో పగుళ్ళు, గోరు దిగిన గాట్లు వెలుతురుకి పట్టి చూడండి. గాటు రెండు అంచులకీ నియోప్రీన్ (వెట్‌సూట్ రబ్బరు) జిగురు పల్చగా రాసి, కాస్త ఆరనిచ్చి, అంచులు కలిపి నొక్కండి. రాత్రంతా దాన్ని కదపొద్దు.