యాపిల్ త్రైమాసిక ఫలితాలు చదివే పద్ధతి

యాపిల్ ఆర్థిక సంవత్సరం సెప్టెంబరు చివరి శనివారంతో ముగుస్తుంది. మార్చి ముగింపుకు అలవాటుపడిన మన ఇన్వెస్టర్లు మొదట తడబడేది ఇక్కడే. కొత్త ఐఫోన్ల అమ్మకాలు, క్రిస్మస్ కొనుగోళ్లు కలిసివచ్చే అక్టోబరు-డిసెంబరు యాపిల్‌కు మొదటి త్రైమాసికం. దాన్ని అంతకు ముందరి త్రైమాసికంతో కాక, నిరుటి అదే త్రైమాసికంతోనే పోల్చాలి. అప్పుడు కూడా వారాలు లెక్కపెట్టుకోవాలి. 2022 డిసెంబరు త్రైమాసికంలో 14 వారాలున్నాయి, 2023లో 13 మాత్రమే. ఆదాయం 11,715 కోట్ల డాలర్ల నుంచి 11,957 కోట్లకు చేరడాన్ని 2 శాతం వృద్ధిగా చదివి ఊరుకుంటే, ఒక వారం తక్కువైనా అంత అమ్మారన్న సంగతి తప్పిపోతుంది.

తరువాత స్థూల మార్జిన్, అంటే ఆదాయంలో ఉత్పత్తి, సేవల నేరు ఖర్చు పోగా మిగిలే శాతం. మొత్తం అంకెను చూసి ఆగకూడదు, ఎందుకంటే ఇది రెండు వ్యాపారాలను కలిపిన సగటు. 2024 ఆర్థిక సంవత్సరంలో ఐఫోన్, మ్యాక్ వంటి పరికరాలపై మార్జిన్ 37.2 శాతం, యాప్ స్టోర్, ఐక్లౌడ్ వంటి సేవలపై 73.9 శాతం. ఆదాయంలో పావు వంతుకు కాస్త తక్కువైన సేవలు స్థూల లాభంలో 39 శాతం తెచ్చాయి. కాబట్టి మొత్తం మార్జిన్ పెరిగిందంటే పరికరాలు చౌకగా తయారవుతున్నాయని కాకపోవచ్చు, సేవల వాటా పెరిగి ఉండవచ్చు. హార్డ్‌వేర్ తయారీదారుగా యాపిల్‌ను అంచనా వేయాలంటే నా దృష్టిలో ఆ 37.2 శాతం కదలికే అసలు కొలత.

నికర లాభాన్ని మరింత అనుమానంగా చూడాలి. 2024 సెప్టెంబరు త్రైమాసికంలో అది నిరుటి 2,295 కోట్ల డాలర్ల నుంచి 1,473 కోట్లకు పడిపోయింది. చూడగానే గుండె గుభేలుమంటుంది. అయితే ఐర్లండ్ పన్ను వివాదంలో ఐరోపా న్యాయస్థానం ఇచ్చిన తీర్పు వల్ల పడిన 1,020 కోట్ల ఒక్కసారి భారమే దానికి కారణం. పన్ను లెక్కకు ముందే వ్యాపారం నుంచి మిగిలే నిర్వహణ లాభం అదే సమయంలో 2,696 కోట్ల నుంచి 2,959 కోట్లకు పెరిగింది.

షేరుకు ఆర్జన, అంటే నికర లాభాన్ని షేర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది, దానిదీ ఇటువంటి కథే. 2024 మార్చి త్రైమాసికంలో నికర లాభం 2 శాతం తగ్గినా, షేరుకు ఆర్జన 1.52 నుంచి 1.53 డాలర్లకు పెరిగింది. కంపెనీ తన షేర్లను తానే తిరిగి కొనే బైబ్యాక్‌లతో షేర్ల సంఖ్య తగ్గడమే ఆ తేడాకు కారణం.