పక్కకు ఒరిగిన లివింగ్‌స్టోనీ: మందు సీసా తీసే ముందు

సమస్య: ట్యాంకులో పెంచుకునే లివింగ్‌స్టోనీ చేప ఇసుక మీద ఒక పక్కకు ఒరిగి, కదలకుండా పడి ఉంది.

కారణం: చాలాసార్లు అది జబ్బు కాదు, వేట. ఆఫ్రికాలోని మలావీ సరస్సులో పుట్టిన ఈ చేప ఒంటి నిండా గోధుమరంగు మచ్చలుంటాయి. అడుగున పడుకుంటే అచ్చం కుళ్ళిపోతున్న చేపలా కనిపిస్తుంది. కొరుక్కు తిందామని చిన్న చేప దగ్గరికొస్తే చటుక్కున పట్టేస్తుంది. అక్కడివాళ్ళు దీన్ని కలిగోనో, అంటే నిద్రపోయేది, అంటారు. కెన్నెత్ మెకే అనే శాస్త్రవేత్త సరస్సులోనే ఈ వేటను గమనించి 1981లో ప్రచురించారు.

పరిష్కారం: ఐదు నిమిషాలు ట్యాంకు ముందు కదలకుండా కూర్చోండి. మొప్పలు నిదానంగా ఆడుతున్నాయా? మేత వేయగానే లేచి వచ్చిందా? అయితే దాని జోలికి వెళ్ళకండి. కొత్తలో నేను కంగారుపడి మిథిలీన్ బ్లూ అనే చేపల మందు పోశాను. ఫిల్టర్‌లో ఉండి, చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను తగ్గించే మంచి బాక్టీరియా దెబ్బతింది, అమ్మోనియా పెరిగింది, బాగున్న చేప నిజంగానే జబ్బుపడింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

మొప్పలు గబగబా కొట్టుకుంటూ, మేత ముట్టకపోతే మాత్రం వెంటనే అమ్మోనియా టెస్ట్ చేయండి. కొంచెం కనిపించినా మూడో వంతు నీళ్ళు మార్చండి. ఈ చేపలకు పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.7 నుంచి 8.6 దాకా ఉండాలి, అంత పీహెచ్‌లో అమ్మోనియా విషం ఇంకా ఎక్కువ. కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోగొట్టి పోయండి. బకెట్లకు తెల్లటి పొర కట్టే మన బోరు నీళ్ళు వీటికి సాధారణంగా బాగానే పడతాయి. ఉత్త ఆర్ఓ నీళ్ళు వద్దు.

సమస్య: పొట్ట ఉబ్బింది, మేత నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తోంది, తెల్లటి దారంలా మలం వేలాడుతోంది.

కారణం: ఎక్కువగా మేపడం, కోడి గుండెకాయలాంటి కొవ్వున్న మాంసం పెట్టడం, నీళ్ళు పాడవడం. వేటాడే చేప కదా అని మాంసం పెడతాం, కానీ సరస్సులో అది తినేది చేపల్నే.

పరిష్కారం: మూడు రోజులు మేత ఆపి, నీళ్ళు మార్చండి. అయినా తగ్గకపోతే చేపల సంగతి తెలిసిన పశువైద్యుడిని అడిగి మెట్రోనిడజోల్ అనే మందు వాడండి. కోలుకున్నాక పెల్లెట్లు (గుళికల మేత), అప్పుడప్పుడు పొట్టు తీసిన రొయ్య ముక్కలు చాలు. షాపులో దొరికే చవక గోల్డ్‌ఫిష్ మేతగా వేయకండి, వాటితోపాటు రోగాలు వస్తాయి.

సమస్య: రాత్రి ఉన్న చిన్న చేపలు పొద్దునకి లేవు.

కారణం: దాని నోట్లో పట్టే చేప ఏదైనా దానికి మేతే.

పరిష్కారం: చిన్నవాటిని ఈరోజే వేరే ట్యాంకుకు మార్చండి. లివింగ్‌స్టోనీ 25 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, దానికి ఆరడుగుల ట్యాంకు కావాలి.