అమ్మ మందుల సంచీ సర్దేముందు

విజయనగరంలో గంటస్తంభం దగ్గర నాకు జిరాక్స్, లామినేషన్ షాపు ఉంది. మనిషి పోయిన ఇళ్లవాళ్లు రోజూ వస్తూనే ఉంటారు. డెత్ సర్టిఫికెట్ పది కాపీలు తీయించుకుంటారు. ఆసుపత్రి ఫైలు చూపిస్తే మాత్రం "ఇంకెందుకు బాబూ" అంటారు. మా అమ్మ పోయినప్పుడు నేనూ ఆ మాటే అనబోయాను. అందుకే, ఏళ్ల తరబడి జబ్బుతో బతికిన అమ్మ పోయిందని ఎవరైనా చెబితే నేను మొదట చెప్పేది ఇదే: పన్నెండో రోజు ఇల్లు కడిగే హడావుడిలో ఆ మందుల సంచీ ఎవరి చేతికీ ఇవ్వకండి. చీరలు పంచుకోవడానికి అందరూ ఉంటారు. సంచీకి మీరొక్కరే.

మా అమ్మకి పన్నెండేళ్లప్పుడు గొంతు నొప్పి వచ్చింది, కొన్నాళ్లకి జ్వరం, మోకాళ్ల వాపులు. ఊళ్లో వాతమన్నారు. అది రుమాటిక్ ఫీవర్, గుండె కవాటాన్ని పాడుచేసే జ్వరమని పెళ్లయ్యాక, మేం పుట్టాక గానీ తెలీలేదు. 1996లో విశాఖలో ఆపరేషన్ చేసి మెటల్ వాల్వ్ వేశారు. అక్కడి నుంచి పాతికేళ్లు రోజూ రక్తం పలచబరిచే అసిట్రోమ్ మాత్ర, నెలకోసారి రక్తపరీక్ష.

సంచీలోంచి మొదట ఈసీజీలు తీయండి. అవి వేడికి అచ్చుపడే కాగితం మీద వస్తాయి, బస్సు టికెట్టులాగే. కొన్నేళ్లకి గీతలు వెలిసిపోయి ఒట్టి గులాబీ గళ్లు మిగులుతాయి. దాచాలని లామినేషన్ మాత్రం చేయించకండి. ఈ మాట చెప్పడానికి నాకంటే సిగ్గుపడాల్సినవాడు లేడు. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి, దశాహం అయిన మర్నాడు అమ్మ ఆఖరి ఈసీజీని నా చేత్తోనే మెషిన్‌లో పెట్టాను. ఆ రోలర్ వేడి 100 డిగ్రీలు దాటి ఉంటుంది. అవతలి వైపు నుంచి నల్లటి అట్టలా బయటికొచ్చింది. ఒక్క గీత కనబడలేదు. షాపు మూసేసి ఇంటికెళ్లిపోయాను.

మీరు చేయాల్సింది: మామూలు కాగితం మీద జిరాక్స్ తీయించండి, స్కాన్ కూడా చేయించండి. అసలుది ప్లాస్టిక్ కవర్లో వద్దు, దానివల్ల కూడా అచ్చు పోతుంది. కాగితం కవర్లో పెట్టి ఎండ, వేడి తగలని బీరువాలో ఉంచండి. ఎక్స్‌రే ఫిల్ములైతే ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో తెల్లకాగితం పెడితే చాలు.

ఫొటోల వెనక పేరు, ఊరు పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ను నొక్కు ముందువైపు తేలుతుంది.

ఇక అసలైన పని. అమ్మ దగ్గర పుస్తకం ఉందేమో వెతకండి. షుగరైతే షుగర్ పుస్తకం, ఆయాసమైతే డాక్టరు చీటీలు. మా అమ్మది వంద పేజీల లాంగ్ నోట్‌బుక్, ఐఎన్ఆర్ పుస్తకం. ఐఎన్ఆర్ అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంత సేపు పడుతోందో చెప్పే లెక్క. మనకైతే 1 దగ్గరుంటుంది. ఆవిడకి 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలన్నారు. తగ్గితే వాల్వ్ దగ్గర గడ్డకట్టే భయం, పెరిగితే రక్తస్రావం భయం. పాతికేళ్లు ఆ రెండు గట్ల మధ్య నడిచింది.

ఆ అంకెల పక్కన ఆ నెలలో ఇంట్లో ఏం జరిగిందో మీరు రాయండి. నేను నెల రోజులపాటు రాత్రిళ్లు ఇదే చేశాను. 2002 మార్చిలో 1.6 ఉంది. పక్కన అమ్మ చేతిరాత: "పెద్దోడి టెన్త్. టెన్షన్. మాత్ర మరిచాను." నేను పరీక్షలు రాస్తూ నా గురించే కంగారు పడుతున్న రోజుల్లో ఆవిడ ప్రాణం అంచుమీద నడిచిందన్నమాట. చెల్లి పెళ్లి నెలలో 4.8. జ్వరానికి ఏవో యాంటీబయాటిక్స్ వాడింది, తిండి సరిగా లేదు. పెళ్లి వీడియోలో నవ్వుతూనే ఉంటుంది. ఆ వీడియో పది సార్లు చూసినా నాకు తెలియనిది ఈ అంకెతో తెలిసింది.

మనుషుల్ని అడిగేటప్పుడు "మా అమ్మ ఎలాంటిది?" అని అడగకండి. "దేవత బాబూ" అంటారు, అక్కడితో అయిపోతుంది. వస్తువుల గురించి అడగండి. చేతిసంచీలో ఏం పెట్టుకునేది? మేడమెట్లు ఎక్కుతూ ఎక్కడ ఆగేది? పైడితల్లమ్మ జాతరలో సిరిమానోత్సవం ఎక్కడ నిలబడి చూసేది? మా వీధి పెద్దప్ప చెప్పింది: పూజారి కూర్చునే పొడవాటి మాను, ఆ సిరిమాను, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది కదా, మా అమ్మ మూడోసారికి మాత్రమే వచ్చేదట. అలసిపోయి కాదు, మొదటి రెండుసార్లు పిల్లల్ని ఎత్తుకుని చూపించమని ఎవరైనా అడుగుతారని. బరువెత్తకూడదని పదిమందిలో చెప్పడం ఆవిడకి ఇష్టం లేదు. ఇది నాకు నలభై ఏళ్లు దగ్గరపడ్డాక తెలిసింది.

ఫోను సంగతి తొందరగా చూడండి. సిమ్ మూడు నెలలు వాడకుండా వదిలేస్తే నంబరు పోవచ్చు. వాట్సాప్ నాలుగు నెలలు తెరవకపోతే ఖాతాయే తీసేస్తారు. వాయిస్ మెసేజ్‌లు ఒక్కొక్కటీ నొక్కిపట్టి, షేర్ చేసి, మీ మెయిల్‌కీ ఒక పెన్‌డ్రైవ్‌కీ పంపుకోండి. "పాలపేకెట్టు తే" అన్నదైనా సరే, ముందు దాన్నే దాచండి.

మీ అమ్మ ఇంకా ఉంటే, ఆవిడకి మెటల్ వాల్వ్ ఉంటే, ఈ రాత్రే ఫ్యాను ఆపి ఫోను ఛాతీ దగ్గర పెట్టి రికార్డు చేయండి. నిశ్శబ్దంలో అది చిన్న గడియారంలా టిక్కుమంటుంది. చిన్నప్పుడు నేను పక్కలో పడుకుని భయంగా ఉందంటే, మా అమ్మ "ఏటౌద్దిరా, కొట్టుకుంటంది కదా, ఆగితే కదా బయపడాలి" అనేది. ఆ చప్పుడు నా దగ్గర లేదు. ఎప్పుడూ ఉంటుందనుకున్నాను.

మిగిలిన మందులు ఎవరికీ ఇవ్వకండి. రక్తం పలచబరిచే మాత్ర మోతాదు ఒక్కో మనిషికి ఒక్కోలా ఉంటుంది, పక్కింటి పెద్దాయనకి ఉపయోగపడుతుందని ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. స్ట్రిప్పుల్లోంచి తీసి వాడేసిన టీపొడిలో కలిపి, కవర్ కట్టి చెత్తలో వేయండి. ఒక్క ఖాళీ స్ట్రిప్పు మాత్రం ఉంచుకున్నాను, సగం మాత్ర విరిచే చోట ఆవిడ గోటి గీతలున్నాయి.

ఇంట్లో పిల్లలకి నాయనమ్మ జబ్బు పేరు చెప్పండి. మా అమ్మాయికి గొంతు నొప్పి, జ్వరం వస్తే మేం కషాయంతో సరిపెట్టం, డాక్టరుకి చూపిస్తాం. మందు రాస్తే కోర్సు పూర్తయ్యేదాకా వాడతాం.

ఏడాదికోసారి తిథి నాడు బ్రాహ్మడు చెప్పినవన్నీ వండుతాం. మర్నాడు మాత్రం అమ్మ వంట. ఆకుకూరలు ఎక్కువ తిన్నా, బొత్తిగా మానేసినా ఆ మాత్ర పని అటూ ఇటూ అయిపోతుందని, వారానికి రెండుసార్లు, ఒకే స్టీలు గిన్నెడు తోటకూర, ఆవపెట్టి. ఒక చెంచా ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఆ గిన్నె కోసం నేనూ చెల్లీ కొంచెం గొడవ పడ్డాం. చివరికి చెల్లే పట్టుకుపోయింది శ్రీకాకుళం. పుస్తకం కాపీ దానికిచ్చి, అసలుది నేనుంచుకున్నాను. బస్సెక్కేముందు గిన్నె ఒకసారి ఇమ్మని, నీళ్లు పోసి కొలిచాను. 150 మిల్లీలీటర్లు.